వైద్య సంఘం కార్యదర్శి అయిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

భారత వైద్య సంఘం (ఐఎంఏ) జిల్లా శాఖకు నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. ఏళ్ల తరబడి అలాంటి సమావేశాల్లో కూర్చున్నవాణ్ని కనుక నాలుగు మాటలు రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఇకమీదట కలెక్టర్ కార్యాలయం నుంచి నీకు పిలుపులు వస్తాయి. ఎమ్మెల్యే నీ మాట ఆగి వింటాడు. పత్రికల వాళ్లు నీ స్పందన అడుగుతారు. ఆ పలుకుబడి మీ సభ్యుల సంఖ్య వల్ల వచ్చింది కాదు తల్లీ. మీకంటే ఎక్కువమంది సభ్యులున్న సంఘాలు జిల్లాలో ఎన్నో ఉన్నాయి. డాక్టరు తన మేలు కోరే చెబుతాడని రోగికి ఉన్న నమ్మకమే ఆ పలుకుబడికి మూలధనం. దాన్ని ఎవరి కోసం ఖర్చు పెడుతున్నారో ప్రతి తీర్మానానికి ముందూ చూసుకో. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

రాజస్థాన్‌లో జరిగింది శ్రద్ధగా చదువు. 2023 మార్చి 21న అక్కడి శాసనసభ ఆరోగ్య హక్కు బిల్లును ఆమోదించింది. అత్యవసర స్థితిలో వచ్చిన రోగికి ముందుగా డబ్బు కట్టమని అడగకుండా వైద్యం చేయాలన్నది అందులోని ముఖ్యమైన నిబంధన. ప్రైవేటు డాక్టర్లు ఆసుపత్రులు మూసి వీధుల్లోకి వచ్చారు. వాళ్ల అభ్యంతరాల్లో న్యాయమైనవి లేకపోలేదు. ఏది అత్యవసరమో ఎవరు తేల్చాలి? రోగి చెల్లించలేకపోతే ఆ ఖర్చు ప్రభుత్వం ఎప్పటిలోగా ఇస్తుంది? ఈ రెండు ప్రశ్నలూ ఏ చిన్న నర్సింగ్ హోమ్ యజమానికైనా నిద్ర పట్టనివ్వవు. ఏప్రిల్ 4న ఒప్పందం కుదిరింది. యాభై పడకల లోపు ఉన్న ప్రైవేటు ఆసుపత్రులనూ, ప్రభుత్వం నుంచి భూమి, భవనం వంటి రాయితీ పొందని వాటినీ చట్టం పరిధి నుంచి తప్పించారు.

సంఘాలు దాన్ని విజయంగా చెప్పుకున్నాయి. నా కంటికి అది విజయంలా కనబడలేదు. గాయపడినవాడు ఎవరైనా సరే వెంటనే ప్రాణం కాపాడే వైద్యం అందించాలని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో 1989లోనే చెప్పింది. ఆ బాధ్యత మన మీద ముందునుంచీ ఉంది. లేనిదల్లా దానికి నమ్మకమైన చెల్లింపు ఏర్పాటు. అత్యవసర చికిత్సకు ప్రత్యేక నిధి, చెల్లింపునకు గడువు, గడువు దాటితే వడ్డీ అని పట్టుబట్టి ఉంటే రోగీ, డాక్టరూ ఇద్దరూ బాగుపడేవారు. అంత బలం ఉండి, ఆ బలాన్ని బాధ్యత తప్పించుకోవడానికి వాడుకున్నారు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

మన దగ్గర ఇలాంటి పరిస్థితి నీకు ఆరోగ్యశ్రీ రూపంలో ఎదురవుతుంది. 2007లో మొదలైన ఆ పథకంలో బకాయిలు పేరుకోవడం, సేవలు ఆపుతామని ఆసుపత్రులు నోటీసు ఇవ్వడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. బకాయి అడగడంలో తప్పేమీ లేదు, గట్టిగా అడుగు. ఏ నెల బిల్లు ఎంతకాలంగా నిలిచిపోయిందో ఆసుపత్రుల వారీగా పట్టిక చేసి పత్రికలకు ఇవ్వు. ఉత్త నినాదం కంటే ఆ పట్టికకు ప్రభుత్వం త్వరగా కదులుతుంది. సేవలు ఆపక తప్పదని అందరూ అన్నా డయాలసిస్, కాన్పులు, ప్రమాద కేసులు, సగంలో ఉన్న క్యాన్సర్ చికిత్సలు మాత్రం ఆపనివ్వకు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో వైద్య విద్యార్థినిపై జరిగిన ఘోరానికి నిరసనగా ఐఎంఏ దేశమంతటా ఇరవై నాలుగు గంటలు సేవలు నిలిపింది కానీ, అత్యవసర విభాగాలను మినహాయించింది. నిరసన బలం దానివల్ల తగ్గలేదు.

నీ కార్యవర్గంలో ఎవరు కూర్చున్నారో ఒకసారి లెక్క చూసుకో. చాలా శాఖల్లో సొంత ఆసుపత్రి ఉన్నవాళ్ల గొంతే పెద్దది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే డాక్టరు, జీతానికి రాత్రి డ్యూటీలు చేసే కుర్రవాడు, హాస్టల్లో ఉండే పీజీ అమ్మాయి సభ్యత్వం కట్టి వెళ్లిపోతారు. యజమాని ఇబ్బంది వృత్తి మొత్తానికి వచ్చిన ఇబ్బందిగా తీర్మానంలోకి ఎక్కేది ఇలాగే. వాళ్లను పిలిచి కూర్చోబెట్టు. సమావేశం వేళలు కూడా వాళ్ల డ్యూటీలను బట్టి పెట్టు.

వద్దనడం మన సంఘానికి బాగా అలవాటు. గ్రామీణ వైద్యం కోసం మూడున్నరేళ్ల కోర్సు ప్రతిపాదన వచ్చినప్పుడు వద్దన్నాం. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలో సామాజిక ఆరోగ్య కార్యకర్తలకు పరిమితంగా మందులు రాసే వీలు కల్పించినప్పుడూ సమ్మె చేశాం. అరకొర శిక్షణతో వైద్యం ప్రమాదమన్న వాదనలో నిజం ఉంది. కానీ ఏజెన్సీ గ్రామంలో జ్వరం వచ్చినవాడు ఆ రాత్రి ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా మనం చెప్పాలి కదా. నువ్వు దేన్నైనా వ్యతిరేకిస్తూ తీర్మానం రాస్తే, దాని కిందే ప్రత్యామ్నాయం రాయి: ఎంతమంది డాక్టర్లు కావాలి, వాళ్లకు ఇల్లు, భద్రత, పిల్లల చదువు ఎలా, మీ శాఖ ఎన్ని రోజుల సేవ ఇవ్వగలదు.

ఇక సంఘాలు మాట్లాడని విషయాల గురించి. మౌనం కూడా రాజకీయమేనని నా నమ్మకం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతం. దేశం మొత్తం సగటు 21.5 మాత్రమే. ముహూర్తం అడిగే కుటుంబాలున్నాయి, నొప్పులకు భయపడే ఆడపిల్లలున్నారు, కేసు పెడతారన్న భయం డాక్టరుకు ఉంది. అవన్నీ కలిపినా ఇంత తేడాకు సమాధానం కావు. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించే చట్టం కింద రికార్డుల్లో లోపాలను నేరంగా చూడకూడదని గైనకాలజిస్టుల సమాఖ్య సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019లో కోర్టు ఒప్పుకోలేదు. సిజేరియన్లపై అంత పట్టుదల మన సంఘాల్లో నాకు కనబడలేదు.

సదస్సులకు డబ్బు ఎవరిస్తున్నారో కూడా చూడు. 2008లో ఐఎంఏ ఒక బహుళజాతి సంస్థ పళ్లరసానికీ, ఓట్స్‌కూ తన ముద్ర వేసుకోనిచ్చింది. దాంతో ఎంత పేరు పోయిందో మా తరం వాళ్లకు తెలుసు. మీ శాఖ సదస్సులను సభ్యుల చందాతోనే నడుపు. భోజనం సాదాగా ఉంటే ఎవరూ అలగరు.

మొదటి కార్యవర్గ సమావేశం ఎజెండాలో సిజేరియన్ల అంశం చేర్చు. సభ్యుల ఆసుపత్రులు ప్రతి నెలా తమ లెక్కలు పేర్లు లేకుండా శాఖకు ఇవ్వాలని అడుగు. కొందరు కోపగిస్తారు, ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోవచ్చు కూడా. మిగిలినవాళ్లతోనే మొదలుపెట్టు. తీర్మానం చిత్తు ప్రతి రాశాక నాకు పంపు, భాష నేను సరిచూస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య