సౌలు కథ ఎలా చదవాలి: మేనల్లుడికి అత్తయ్య ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

ప్రభువు నామంలో అత్తయ్య దీవెనలు.

నీ మెసేజ్ రాత్రి చూశాను. యూత్ రిట్రీట్‌లో ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు మీద మాట్లాడమన్నారని, నాలుగు రోజులుగా చదువుతున్నా ముడి వీడటం లేదని రాశావు. "అత్తయ్యా, సౌలు చేసిన తప్పులకన్నా దావీదు చేసినవే పెద్దవి కదా, మరి సౌలునే ఎందుకు తోసేశాడు దేవుడు?" అని అడిగావు. అది ఫోన్లో తేలే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముప్పై ఏళ్లు సండే స్కూల్లో ఈ కథ చెప్పాను. మొదటి పదేళ్లు సరిగా చెప్పలేదు. బోర్డు మీద ఒక పక్క ఈటె పట్టుకున్న రాజు సౌలు బొమ్మ, ఇంకో పక్క సితారా పట్టుకున్న కుర్రాడు, అతని తర్వాత రాజైన దావీదు బొమ్మ అంటించేదాన్ని. ఒకడు చెడ్డవాడు, ఒకడు మంచివాడు. పిల్లలకు తేలిగ్గా అర్థమయ్యేది. కానీ నేను చెప్పింది దావీదు కథలో విలన్ గురించి, సౌలు గురించి కాదు. నువ్వు ఆ పొరపాటు చెయ్యకు.

ముందు చెయ్యాల్సిన పని ఒకటి. బైబిల్లో మొదటి సమూయేలు గ్రంథం 8వ అధ్యాయం నుంచి 31 దాకా ఒకేసారి, పైకి చదువు. రెండు మూడు గంటలు పడుతుంది. వాక్యాలు ఏరుకుంటూ చదివితే సౌలు దొరకడు. మనవాళ్లు ఎక్కువగా 16 దగ్గర, అంటే దావీదు వచ్చాక మొదలుపెడతారు. అప్పటికే సౌలు సగం కూలిపోయి ఉన్నాడు. సగం కూలిన ఇల్లు చూసి, ఇది మొదటి నుంచీ ఇంతే అనుకుంటే ఎలా?

8వ అధ్యాయంలో జనం రాజు కావాలని అడుగుతారు. చుట్టుపక్కల దేశాలకు ఉన్నాడు, మాకూ కావాలి అని. రాజు మీ కొడుకుల్ని తీసుకుంటాడు, పొలాలు తీసుకుంటాడు, పంటలో పదో వంతు తీసుకుంటాడు అని ప్రవక్త సమూయేలు చెప్పినా వినలేదు. వాళ్ల భయం కూడా ఊరికే వచ్చింది కాదు. 13వ అధ్యాయం చివర చూడు, ఇశ్రాయేలు దేశమంతటా ఒక్క కమ్మరి లేడు. ఫిలిష్తీయులు ఉండనివ్వలేదు. నాగటి కర్రు సాన పట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరికే పోవాలి. హెబ్రీలో అక్కడ 'పీము' అనే మాట ఉంది. ఆ పేరు చెక్కిన తూకపు రాళ్లు తవ్వకాల్లో దొరికాయి, ఒక్కోటి ఏడున్నర గ్రాముల పైచిలుకు. అంత వెండి ఇస్తేగాని కర్రు పదునెక్కదు. యుద్ధం రోజున కత్తి, ఈటె ఉన్నది సౌలుకు, అతని కొడుకు యోనాతానుకు మాత్రమే. ఇది మనసులో పెట్టుకుని సౌలును చూడు. అతనికి దొరికింది సింహాసనం కాదు, పెద్ద బరువు.

ఇప్పుడు గాడిదల దగ్గరికి రా. 9వ అధ్యాయం నిదానంగా చదువు, నాకు చాలా ఇష్టమైన అధ్యాయం. సౌలు తండ్రి కీషు గాడిదలు తప్పిపోయాయి. కొడుకు పనివాణ్ణి వెంటబెట్టుకుని వెతకడానికి పోయాడు. కొండలు తిరిగాడు, దొరకలేదు. అప్పుడు అతను అన్నదేమిటి? తిరిగి పోదాం, లేకపోతే నాన్న గాడిదల సంగతి మర్చిపోయి మన కోసం బెంగపెట్టుకుంటాడు అన్నాడు. ఆ ఒక్క మాట చాలు, పిల్లవాడి మనసు తెలియడానికి. జనంలో అందరికన్నా భుజాలు పైకి కనిపించేంత పొడగరి, కానీ చేతిలో పైసా లేదు. ప్రవక్తకు ఇవ్వడానికి పావు తులం వెండి ఉన్నది పనివాడి దగ్గర. నువ్వు రాజువు అని సమూయేలు సూచనగా అంటే, మాది అన్నిటికన్నా చిన్న గోత్రం, నాతో ఇలా ఎందుకు అంటున్నారు అన్నాడు.

రాజును ఎంచడానికి మిస్పాలో చీటీలు వేసి అతని పేరు తేలితే మనిషి కనబడలేదు. సామాన్ల మధ్య దాక్కున్నాడు. ఇది వినయం అని చాలామంది చెబుతారు, నేనూ చెప్పాను. ఇప్పుడు నాకలా అనిపించడం లేదు. అది భయం. నలుగురి కళ్లు తనమీద పడతాయన్న భయం. ఆ భయాన్ని గుర్తుపెట్టుకుని ముందుకు చదువు. కథ పొడుగునా అదే కనిపిస్తుంది, బట్టలు మార్చుకుని.

కానీ వెంటనే అక్కడికి పోకు. 11వ అధ్యాయం ఉంది, సౌలు జీవితంలో అన్నిటికన్నా మంచి రోజు. అమ్మోనీయుల రాజు నాహాషు యాబేష్గిలాదు ఊరిని ముట్టడించి, మీ అందరి కుడి కళ్లు పెరికేస్తేనే సంధి అన్నాడు. ఆ కబురు వచ్చేసరికి రాజు ఎక్కడున్నాడు? పొలం నుంచి ఎడ్ల వెనక నడిచి వస్తున్నాడు. లేచాడు, మూడు లక్షల ముప్పై వేలమందిని పోగుచేశాడు, ఊరిని కాపాడాడు. అంతకుముందు అతణ్ణి ఎగతాళి చేసినవాళ్లను చంపేద్దాం అని జనం ఊగిపోతే, ఈ రోజు ఎవరినీ చంపకూడదు అన్నాడు. ఇదే మనిషి తర్వాత నోబులో 85 మంది యాజకుల్ని చంపిస్తాడు. ఈ రెండింటికీ మధ్య ఏం జరిగిందన్నదే నీ ప్రసంగం కావాలి.

గిల్గాలు దగ్గర సౌలు పక్షాన నిలబడి చదువు. ఏడు రోజులు ఆగమన్నాడు సమూయేలు. ఎదురుగా సముద్రతీరాన ఇసుకలా ఫిలిష్తీయులు. మన జనం గుహల్లో, పొదల్లో, గోతుల్లో దాక్కుంటున్నారు. రోజూ కొందరు జారిపోతున్నారు. ఏడో రోజు వచ్చింది, ప్రవక్త రాలేదు. ఆ టెన్షన్‌లో, ప్రవక్త వచ్చి అర్పించాల్సిన దహనబలిని తానే అర్పించాడు. అర్పించడం ముగియగానే సమూయేలు వచ్చాడు. మిగిలింది ఆరు వందలమంది. రిట్రీట్‌కు వచ్చే పిల్లలకు ఇది బాగా అర్థమవుతుంది. రిజల్ట్ కోసం, ఉద్యోగం కోసం, పెళ్లి కోసం ఆగలేక అలమటిస్తున్నవాళ్లే సగం మంది ఉంటారు. అందుకని సౌలు మీద తొందరపడి రాయి వెయ్యకు.

15వ అధ్యాయంలో మాత్రం కన్నార్పకుండా చూడు. అమాలేకీయుల యుద్ధం అయింది. ఎవరినీ, దేన్నీ మిగల్చవద్దన్నది దేవుడి ఆజ్ఞ. అయినా వాళ్ల రాజు అగగును బతకనిచ్చారు, మంచి గొర్రెల్ని, ఎడ్లను ఉంచుకున్నారు. సౌలు కర్మెలులో తనకోసం ఒక జ్ఞాపక స్తంభం నిలబెట్టుకుని వచ్చాడు. సమూయేలు ఎదురైతే, దేవుడు చెప్పింది చేశాను అన్నాడు. మరి నా చెవుల్లో పడుతున్న ఈ గొర్రెల అరుపులేమిటి అని అడిగాడు ముసలాయన. అప్పుడు సౌలు మాటలు చూడు. తెచ్చింది జనం అన్నాడు. 'నీ దేవుడికి' బలి ఇవ్వడానికి అన్నాడు. నా దేవుడు అనలేదు. ఆ అధ్యాయంలో మూడుసార్లు 'నీ దేవుడు' అంటాడు, పెన్సిల్‌తో గీత గీసుకో. చివరికి నిజం నోటివెంట వచ్చింది: "జనులకు జడిసి వారి మాట వినినందున". సామాన్లలో దాక్కున్నవాడి గొంతు అది. అప్పుడు జనం చూస్తారని దాక్కున్నాడు, ఇప్పుడు జనం పోతారని లొంగిపోయాడు.

అదే చోట నీ ప్రశ్నకు జవాబు ఉంది. నేను పాపం చేశాను అని సౌలు అన్నాడు. పరాయివాడి భార్యను తీసుకుని, ఆమె భర్తను చంపించిన దావీదూ, నాతాను ప్రవక్త నిలదీసినప్పుడు అదే మాట అన్నాడు. దావీదు అక్కడితో ఆగిపోయాడు. సౌలు మాత్రం ఆగలేదు: "అయినను" పెద్దల ఎదుట, జనం ఎదుట నన్ను ఘనపరచు అన్నాడు. ఆ 'అయినను' దగ్గరే నా చూపు ఆగిపోతుంది. పోయిన రాజ్యం గురించి ఏడవలేదు, పరువు గురించి బతిమాలాడు. అలాగని దావీదు తప్పించుకున్నాడని చెప్పకు. అతని పసిబిడ్డ పోయాడు, కొడుకులు ఒకరినొకరు చంపుకున్నారు. లెక్క ఇద్దరికీ పడింది. తేడా లెక్కలో లేదు, తప్పు బయటపడ్డాక ఎవరి ముఖం వైపు చూశారన్నదాంట్లో ఉంది.

అమాలేకీయుల యుద్ధంలో పిల్లల్ని కూడా చంపమనడం ఏమిటని కూడికలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నను తోసెయ్యకు, అరువు జవాబు చెప్పకు. ఆ వాక్యం చదివినప్పుడు నాకూ గుండె బరువెక్కుతుందని చెప్పు. నిజాయితీగా అడిగినవాడికి నిజాయితీగా చెబితే చాలు.

ఇక ఆడవాళ్ల పాట. సౌలు వేలమందిని, దావీదు పదివేలమందిని కొట్టారని తంబురలతో పాడారు. ఆ రోజు నుంచి సౌలు దావీదు మీద కన్ను పెట్టాడు. ఇది చదివితే నాకు నా సంగతి గుర్తొస్తుంది. నేను పనిచేసిన ఒక బడిలో కొత్తగా ఒక చిన్న టీచరమ్మ వచ్చింది. వార్షికోత్సవం రోజు ఒక తల్లి నా ఎదుటే, ఈవిడ వచ్చాకే మా వాడికి లెక్కలు వచ్చాయండి అంది. పదకొండేళ్లుగా లెక్కలు చెబుతున్నది నేను. నవ్వాను. మరుసటి నెల టైంటేబుల్ నా చేతిలో ఉంటే, ఆ పిల్లకు మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చే పీరియడ్లన్నీ వేశాను. ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. నా చేతిలో ఈటె లేదు కాబట్టి టైంటేబుల్‌తో పొడిచాను. ఆరు నెలలకు వెళ్లి క్షమాపణ అడిగాను, ఆ అమ్మాయి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. సౌలును చెడ్డవాడంటూ చెప్పడం ఆ ఏడాదితో మానేశాను.

చదివేటప్పుడు ఈటె ఎక్కడెక్కడ వస్తుందో చూసుకుంటూ పో. సితారా వాయిస్తున్న దావీదు మీద విసిరాడు. స్నేహితుడి పక్షాన మాట్లాడాడని కన్నకొడుకు యోనాతాను మీదే విసిరాడు. గిబియాలో చెట్టు కింద కూర్చుంటే చేతిలో ఈటె. నిద్రపోతే తలదగ్గర నేలలో గుచ్చి ఉన్న ఈటె. యుద్ధంలో ఇద్దరికే ఉన్న ఆయుధం, కాపాడాల్సినవాళ్ల మీదికే తిరిగింది. అంగీ సంగతి కూడా చూడు. సమూయేలు అంగీ చెంగు సౌలు చేతిలో చిరిగింది. ఏన్గెదీ గుహలో సౌలు అంగీ చెంగును దావీదు కోశాడు. అప్పుడు సౌలు బిగ్గరగా ఏడ్చి, నువ్వు నాకంటే నీతిపరుడివి అన్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. కానీ నిలవలేదు, రెండు అధ్యాయాల తర్వాత మళ్లీ మూడువేలమందితో వెంటపడ్డాడు.

చివరి యుద్ధానికి ముందు సౌలు, చనిపోయిన సమూయేలును రప్పించమని, చచ్చినవాళ్లను పిలిచే ఒక ఆడమనిషి దగ్గరికి ఏన్దోరు పోయాడు. అక్కడ చాలామంది దయ్యాల గురించి గంటసేపు మాట్లాడతారు. నువ్వు తిండి గురించి మాట్లాడు. రాత్రీ పగలూ ఏమీ తినని రాజు నిలువునా నేలమీద పడిపోయాడు. ఒకప్పుడు అతనే తరిమేసిన రకం ఆడమనిషి, తన ఇంట్లో ఉన్న కొవ్విన దూడను కోసి, పిండి పిసికి రొట్టె కాల్చి పెట్టింది. సౌలు తిన్న భోజనాల్లో బైబిలు మనకు చెప్పే చివరిది అదే. మొదట్లో సమూయేలు ప్రత్యేకంగా దాచి ఉంచి వడ్డించిన మాంసం గుర్తుందా? ఆ రెండు భోజనాల్నీ పక్కపక్కన పెట్టి చూపించు.

గిల్బోవలో ఫిలిష్తీయులతో యుద్ధంలో ముగ్గురు కొడుకులు పోయాక సౌలు తన కత్తి మీద తానే పడ్డాడు. శత్రువులు తల నరికి, మొండేన్ని బేత్షాను గోడకు తగిలించారు. ఇక్కడ నీ గొంతు తగ్గించు. ఆత్మహత్యతో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఆ కూడికలో ఉండొచ్చు. సౌలు చావును ఎవరికీ బెదిరింపుగా వాడకు. దావీదు వాడలేదు. కబురు విని బట్టలు చింపుకుని, సాయంత్రం దాకా ఉపవాసముండి, తనను తరిమి తరిమి వేటాడినవాడి కోసం పాట కట్టి ఏడ్చాడు.

చివరి మూడు వచనాలు బాగా సాధన చేసి చదువు. గోడకు వేలాడుతున్న రాజు సంగతి యాబేష్గిలాదుకు తెలిసింది. తమ కళ్లు కాపాడినవాడని ఆ ఊరు మర్చిపోలేదు. బలశాలులంతా లేచి రాత్రంతా నడిచి, శత్రువు గోడ మీదనుంచి సౌలు శవాన్ని, అతని కొడుకుల శవాల్ని దించి తెచ్చి, ఎముకల్ని చెట్టు కింద పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసమున్నారు.

శనివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. ఆ మూడు వచనాలూ చదివి వినిపించు.

ప్రేమతో,
అత్తయ్య