బోర్డు మార్చక్కర్లేదండి, బయోస్ అప్‌డేట్ చాలు. కాకపోతే పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే చెయ్యాలి

భీమవరం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. 2018 చివర్లో కొన్న బీ450 మదర్‌బోర్డు, దాని మీద రైజెన్ 3 2200జీ ప్రాసెసర్ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో రైజెన్ 5 5600 దొరికితే తెచ్చి పెట్టాడు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని డిస్‌ప్లే రావట్లేదు. షాపులో బోర్డు మార్చమన్నారు. బయోస్ (పవర్ నొక్కగానే సిస్టమ్‌ని లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేస్తే పని చేస్తుందా, మధ్యలో కరెంటు పోతే గతేంటి అని అడుగుతున్నాడు.

పని చేస్తుందండి. బోర్డుకి డబ్బులు పెట్టకండి. కాకపోతే మీకు డిస్‌ప్లే రాకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు, రెండో దాని సంగతి షాపువాళ్లు చెప్పినట్టు లేదు. మొదటిది పాత బయోస్. రెండోది, మీ 2200జీ లోపలే గ్రాఫిక్స్ ఉంది, 5600లో లేదు. పేరు చివర జీ అక్షరం ఉన్నవాటికే ఈ తరంలో లోపల గ్రాఫిక్స్ ఉంటుంది. మీరు విడిగా గ్రాఫిక్స్ కార్డు చెప్పలేదు కాబట్టి కేబుల్ బోర్డుకే పెట్టి ఉంటారు. అలాగైతే బయోస్ ఎంత కొత్తది వేసినా తెర నల్లగానే ఉంటుంది. కార్డు లేకపోతే ఆ 5600 వెనక్కిచ్చేసి 5600జీ తీసుకోండి. ముందు ఈ ముక్క తేల్చుకుని మిగతాది చదవండి.

నేను అమలాపురం పక్కన పల్లెటూళ్లో ఉంటాను, పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. నాది ఏ320 బోర్డు, రైజెన్ 5 1600, విడిగా చిన్న గ్రాఫిక్స్ కార్డు. 2023 సంక్రాంతి అయ్యాక, మాఘమాసం పెళ్లిళ్ల పని మీద పడకముందే సిస్టమ్ స్పీడ్ చేసుకుందామని 5600 కొన్నాను. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఒకటే కదా అని పాతది తీసి కొత్తది పెట్టేశాను. ఫ్యాన్ తిరిగింది, కీబోర్డు లైటు కూడా వెలగలేదు. ర్యామ్ తీసి పెట్టాను, కార్డు తీసి పెట్టాను, చివరికి సీపీయూ డబ్బా మొత్తం ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి టౌన్‌లో ఒక షాపుకి తీసుకెళ్లాను. అక్కడా బోర్డు పోయిందన్నారు. ఇంటికొచ్చి, పోయేదేముందని పాత 1600 మళ్లీ పెడితే సిస్టమ్ మామూలుగా ఆన్ అయింది. అప్పటికి రెండు రోజులు పోయాయి, ఆల్బమ్ ఇవ్వాల్సిన వాళ్లు ఫోన్ మీద ఫోన్.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే మీకు సగం భయం పోతుంది. బోర్డు మీద బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దగా ఎనిమిది కాళ్ల చిప్ ఒకటి ఉంటుంది, బయోస్ ఉండేది అందులోనే. పవర్ నొక్కగానే ప్రాసెసర్ ముందు చదివేది దాన్నే. ఏ ప్రాసెసర్‌ని ఎలా లేపాలి, ర్యామ్‌ని ఎలా సెట్ చెయ్యాలి అన్నది రైజెన్ తయారుచేసే ఏఎండీ వాళ్లు అజీసా అనే కోడ్‌గా రాసి బోర్డు కంపెనీలకి ఇస్తారు, వాళ్లు దాన్ని తమ బయోస్‌లో కలుపుతారు. డెస్క్‌టాప్ రైజెన్ 5000లు వచ్చింది 2020 నవంబర్‌లో, మామూలు 5600 వచ్చింది 2022 ఏప్రిల్‌లో. మీ బోర్డులో ఉన్నది 2018 నాటి కోడ్ అయితే అందులో ఈ ప్రాసెసర్ ఊసే ఉండదు, కాబట్టి లేపలేదు. బోర్డూ బాగానే ఉంది, ప్రాసెసరూ బాగానే ఉంది. నాలాంటి ఏ320, బీ350 బోర్డులకైతే 5000 సిరీస్‌కి 2022లో గాని ఏఎండీ ఒప్పుకోలేదు. పాత వీడియోలు చూసి అవ్వదనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు మీ 2200జీ తిరిగి పెట్టి సిస్టమ్ ఆన్ చెయ్యండి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికితే బోర్డు పేరు, బయోస్ వెర్షన్, తేదీ కనిపిస్తాయి. బోర్డు అంచు మీద రివిజన్ నంబరు అచ్చు వేసి ఉంటుంది, టార్చి వేసి అది కూడా చూడండి, ఎందుకంటే ఒకే పేరుతో రెండు రివిజన్లు ఉంటే వాటి బయోస్ ఫైళ్లు వేరుగా ఉండొచ్చు. తర్వాత బోర్డు కంపెనీ సొంత సైట్‌లో ప్రాసెసర్ సపోర్ట్ లిస్టు తెరవండి. అందులో 5600 ఎదురుగా ఏ వెర్షన్ నుంచి పని చేస్తుందో రాసి ఉంటుంది. అది లేకపోతే ఇక ముందుకు వెళ్లకండి. ఉంటే ఆ వెర్షన్ కింద ఇచ్చిన నోట్ మొత్తం చదవండి, ఇంగ్లీషు బద్ధకం వేసినా సరే. కొన్ని బోర్డులకి ఫలానా వెర్షన్ ముందు వేసి తర్వాతే ఇది వెయ్యమని ఉంటుంది. 2018 బయోస్ నుంచి నేరుగా తాజాదానికి దూకితే కొన్ని ఒప్పుకోవు. నాకూ రెండు మెట్లు ఎక్కాల్సి వచ్చింది.

ఇంకోటి. పాత బోర్డుల్లో చాలావాటికి ఆ బయోస్ చిప్ 16 ఎంబీలే. కొత్తవాటికి చోటు చెయ్యడానికి బాగా పాత ఏ-సిరీస్ ప్రాసెసర్ల కోడ్‌ని కొన్ని కంపెనీలు తీసేశాయి. ఏ6-9500 లాంటిది పెట్టుకున్నవాళ్లు అప్‌డేట్ చేశాక ఆ పాతదానితో మళ్లీ ఆన్ అవ్వకపోవచ్చు, కొత్తది చేతిలో పెట్టుకునే మొదలెట్టాలి. మీ 2200జీకి ఆ భయం చాలా తక్కువ, అయినా లిస్టులో ఉందో లేదో ఒకసారి చూడండి.

ఇక మీ అసలు భయం, కరెంటు. మన డెల్టాలో ఇది చిన్న విషయం కాదండి. కాస్త గాలి తోలితే చాలు, కొబ్బరి మట్ట తీగ మీద పడి లైను ట్రిప్ అవుతుంది. చిప్‌లో పాతది చెరిపి కొత్తది రాస్తున్నప్పుడు కరెంటు పోతే అటూ ఇటూ కాని స్థితిలో ఆగిపోతుంది. ఎండ కాస్తున్న రోజు, గాలి లేని పొద్దుటిపూట పెట్టుకోండి. నేనైతే ముందు రోజు మా లైన్‌మన్‌కి ఫోన్ చేసి, చెట్లు కొట్టడానికి రేపు కరెంటు తీస్తున్నారా అని అడిగాను. పదింటి నుంచి తీస్తామన్నాడు. ఏడింటికల్లా పని ముగించాను.

ఇన్వర్టర్ ఉందిలే అని నమ్మేయకండి, ముందు పరీక్ష చెయ్యండి. సిస్టమ్‌లో ఏ పనీ లేనప్పుడు, ఫైళ్లన్నీ సేవ్ చేసి, ఇంటి మెయిన్ ఒకసారి ఆపి చూడండి. నాది ఆపగానే ఫ్యాన్లు, లైట్లు ఆగలేదు గాని సిస్టమ్ మాత్రం రీస్టార్ట్ అయింది! చూస్తే ఇన్వర్టర్ వెనక స్విచ్ మామూలు మోడ్‌లో ఉంది, యూపీఎస్ మోడ్‌కి మారిస్తే సిస్టమ్ ఆగకుండా నడిచింది. కంప్యూటర్ కింద పెట్టుకునే చిన్న యూపీఎస్ అయినా అంతే, బ్యాటరీ చచ్చిపోయి ఉంటే కూత వేసి ఆగిపోతుంది, ప్లగ్ పీకి చూస్తేనే తెలుస్తుంది.

అప్‌డేట్ చేసే ముందు బయోస్‌లోకి వెళ్లి ప్రతి పేజీ ఫోన్‌తో ఫొటో తియ్యండి. అప్‌డేట్ అయ్యాక సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. నాకు ఆ ఫొటోలే ప్రాణం పోశాయి. అప్‌డేట్ అయ్యాక విండోస్ బూట్ అవ్వలేదు, డిస్కే లేదంది, గుండె జారిపోయింది. ఫొటోలు తిప్పి చూస్తే ముందు సీఎస్ఎం అనేది (పాత పద్ధతిలో బూట్ అవ్వనిచ్చే సెట్టింగు) ఆన్‌లో ఉంది, కొత్త బయోస్‌లో ఆఫ్ అయింది. ఆన్ చేస్తే విండోస్ వచ్చేసింది. అలాగే విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ గాని డివైస్ ఎన్‌క్రిప్షన్ గాని ఆన్‌లో ఉంటే దాన్ని ముందు ఆపి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో ఫొటో ఒక్కటే ఉంటే చాలదు.

పెన్‌డ్రైవ్ మంచిది తీసుకుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, డౌన్‌లోడ్ చేసిన జిప్ విప్పి, లోపలి ఫైలు మాత్రమే అందులో వెయ్యండి. నా దగ్గరికి ఊళ్లోవాళ్లు ఫొటోలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు డజను ఉంటాయి, ఒక్కటీ వాడలేదు, దీనికోసం కొత్తది కొన్నాను. విండోస్‌లోంచి అప్‌డేట్ చేసే సాఫ్ట్‌వేర్ ఇస్తారు గాని దాని జోలికి వెళ్లొద్దు, మధ్యలో విండోస్ హ్యాంగ్ అయితే కరెంటు పోయినదానితో సమానం. స్టార్ట్ అవుతుండగా డిలీట్ గాని ఎఫ్2 గాని నొక్కి బయోస్‌లోకే వెళ్లండి. ఆసుస్‌లో ఈజీ ఫ్లాష్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్, ఎంఎస్ఐలో ఎం-ఫ్లాష్, ఆస్‌రాక్‌లో ఇన్‌స్టంట్ ఫ్లాష్, పేర్లు వేరు గాని పని ఒకటే. ఫైలు ఎంచి ఓకే కొట్టాక చేతులు దూరంగా పెట్టుకోండి. నాకు ఓ చోట శాతం గీత కదలకుండా నిలబడిపోయింది, చాలాసేపనిపించింది, నిజానికి నిమిషం కూడా అయ్యుండదు. తర్వాత తనంతట తనే రెండుసార్లు ఆఫ్ అయి ఆన్ అయింది, మధ్యలో తెర నల్లగా ఉండిపోయింది. ఆ టైములో టెన్షన్‌తో పవర్ బటన్ నొక్కేవాళ్లే బోర్డు పోగొట్టుకునేది. నొక్కకండి. పాత ప్రాసెసర్‌తోనే విండోస్ దాకా వచ్చి, బయోస్ వెర్షన్ మారిందని కళ్లతో చూశాకే షట్‌డౌన్ చెయ్యండి.

ప్రాసెసర్ మార్చేటప్పుడు ఇంకో గండం ఉంది. మన బోర్డుల సాకెట్ పేరు ఏఎం4, ఆ ప్రాసెసర్‌కి కింద 1331 పిన్నులు ఉంటాయి, కూలర్‌కీ దానికీ మధ్య రాసే పేస్ట్ గట్టిపడితే కూలర్‌ని పైకి లాగగానే సాకెట్ లాక్‌లో ఉండగానే ప్రాసెసర్ కూడా దానికి అతుక్కుని వచ్చేస్తుంది. నాకు అలాగే వచ్చింది. బోర్లా తిప్పి చూస్తే ఒక మూల మూడు పిన్నులు పక్కకి వాలి ఉన్నాయి, తల వెంట్రుకంత సన్నవి. మా అమ్మాయి నొక్కి రాసే 0.5 పెన్సిల్ తీసుకుని, లోపలి లెడ్ తీసేసి, ఆ ఖాళీ గొట్టాన్ని పిన్ను మీద తొడిగి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటి నిలబెట్టాను. పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా చూస్తే వరుస తిన్నగా ఉందో లేదో తెలుస్తుంది. మీరు ఆ పరిస్థితి తెచ్చుకోకండి. సిస్టమ్‌ని పది నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి, ఆపి ప్లగ్ తీసి, కూలర్‌ని పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చెయ్యండి. కొత్తది పెట్టాక మొదటిసారి తెర మీద ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్ లోపల తాళాలు దాచుకునే భాగం) మారింది, వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని అడగొచ్చు. డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ లేకపోతే వై నొక్కండి. ఉంటే రికవరీ కీ చేతిలో లేకుండా వై నొక్కొద్దు.

అన్నీ జాగ్రత్తగా చేసినా చెడితే? రాజోలు వైపు నాకు తెలిసిన ఒకాయనకి మధ్యలో కరెంటు పోయింది. ఆయన బోర్డు వెనక ఫ్లాష్ బటన్ లేదు. అది ఉంటే పెన్‌డ్రైవ్ పెట్టి, ప్రాసెసర్‌తో పని లేకుండానే మళ్లీ వేసుకోవచ్చు, మీ బోర్డు వెనక ఉందేమో చూసుకోండి, ఉంటే మీ భయం చాలా మటుకు తీరినట్టే. ఆయన చిప్ లెవల్ రిపేర్ చేసే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్తే, ప్రోగ్రామర్ క్లిప్ తగిలించి అరగంటలో బయోస్ మళ్లీ రాసిచ్చాడు. అలా చేయిస్తే చిప్ 1.8 వోల్టులదా 3.3 వోల్టులదా అని ముందు చూడమని అడగండి. 1.8దానికి 3.3 ఇస్తే చిప్ కాలిపోవచ్చు.

ఇంటెల్ వాళ్లకి రెండు ముక్కలు. 6, 7 తరాల బోర్డులకీ 8, 9 తరాల బోర్డులకీ సాకెట్ పేరు ఒకటే, 1151, కానీ మామూలు బయోస్ అప్‌డేట్‌తో ఒకదానిది ఇంకోదానిలో నడవదు. 12వ తరంతో వచ్చిన 600 సిరీస్ బోర్డులు మాత్రం అప్‌డేట్ చేస్తే 13, 14 తరాలు తీసుకుంటాయి. ఆ 13, 14 తరాల పెద్ద డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజ్ ఎక్కువై చిప్ దెబ్బతినే సమస్యకి 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ని లోపల సరిదిద్దే కోడ్) ఇచ్చింది, అది కూడా బయోస్ ద్వారానే వస్తుంది కాబట్టి వాడుతున్నవాళ్లు ఆలస్యం చెయ్యకండి.

ఇంతకీ తమ్ముడూ, మీ దగ్గర గ్రాఫిక్స్ కార్డు ఉందా లేదా, బోర్డు పూర్తి పేరు, అంచు మీద రివిజన్, ఇప్పుడున్న బయోస్ వెర్షన్ ఇక్కడ రాయండి. మధ్యలో ఏ వెర్షన్ ముందు వెయ్యాలో లిస్టు చూసి చెబుతాను. అప్పటిదాకా 2200జీ బోర్డు మీదే ఉంచండి.