ధరలు పెరుగుతాయని అప్పు చేస్తారా?

కాశీబుగ్గలో చిన్న జీడి పరిశ్రమ నడుపుతున్న ఒకాయన రాశారు. ఇంటి ఖర్చు నెలకు 30 వేలు, చేతిలో ఉన్నది 3 లక్షలు. 2008 లాంటి సంక్షోభం మళ్లీ వస్తే ప్రభుత్వాలు నోట్లు గుద్దేస్తాయి, రూపాయి విలువ పడిపోయి అప్పు దానంతటదే కరిగిపోతుంది కాబట్టి ఆ 3 లక్షలు బయానాగా ఇచ్చి, రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు తెచ్చి శ్రీకాకుళం దగ్గర స్థలం కొంటారట. ధరలు పెరుగుతాయా, పడిపోతాయా అన్నది ఆయన ప్రశ్న.

ఏది వస్తుందో నాకు తెలియదండీ, తెలుసని చెప్పేవాణ్ణి నమ్మకండి. రెండూ కలిసి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. 2009 జూలైలో మన టోకు ధరల పెరుగుదల రేటు సున్నా కిందికి పోయింది, ఎందుకంటే ఏడాది కిందట బ్యారెల్ 147 డాలర్లున్న ముడిచమురు కూలిపోయింది. అదే నెలలో కార్మికుల చిల్లర ధరల పెరుగుదల 11 శాతం దాటింది, వానల్లేక తిండి సరుకులు మండిపోయాయి. మీరు జీడిపప్పు అమ్మి బియ్యం కొనేవారు, రెండు వైపులా దెబ్బ తగిలేది మీలాంటి వాళ్లకే.

అప్పు కరగాలంటే ముందు మీ రాబడి పెరగాలి. 80 కిలోల జీడిపిక్కల బస్తా కొని, కాల్చి, ఒలిపించి అమ్మేలోపు పప్పు ధర కిలోకు 50 రూపాయలు పడితే బస్తాలో వచ్చే ఇరవై కిలోల పప్పు మీద వెయ్యి దాకా పోతుంది. వడ్డీ మాత్రం నెలకు 20 వేలు, ఏడాదికి 2,40,000 కట్టాల్సిందే. ఆ 13 లక్షల స్థలం ఏటా 18 శాతానికి పైగా పెరిగితేనే వడ్డీ గిట్టుతుంది, అసలు సంగతి తర్వాత. 2008 అక్టోబరు నుంచి ఆరు నెలల్లో రిజర్వ్ బ్యాంకు తాను బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని, అంటే రెపో రేటును, 9 నుంచి 4.75 శాతానికి దించింది, మీ ఊళ్లో రెండు రూపాయల వడ్డీలో పైసా తగ్గిందేమో పెద్దవాళ్లను అడగండి!

2018లో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని నేలకూల్చినప్పుడు ఇంట్లో ఆరు నెలల ఖర్చు పెట్టుకున్నవాళ్లు ఎంతమంది? ధరలు ఎటు పోయినా ముందు కావాల్సింది ఆ డబ్బే. మీకది 1,80,000. మిగిలిన దాంట్లోంచి ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా కట్టండి, బంగారం, స్థలం ఆ తర్వాత చూద్దాం.

బయానా ఇంకా ఇవ్వలేదన్నారు కదా, ఇవ్వకండి. ఆ 1,80,000 వేరే ఖాతాలో వేయండి, దానికి ఫోన్‌పే మాత్రం పెట్టకండి.