గంజాయి కంపెనీలో ఉద్యోగమా? మీ ఫార్మా అనుభవాన్నే ముందు పెట్టండి

ప్రశ్న: బీఫార్మసీ తర్వాత హైదరాబాద్‌లో ఒక మాత్రల కంపెనీలో రెండేళ్లు క్వాలిటీ అష్యూరెన్స్‌లో పనిచేశాను. కెనడా వచ్చి ఒంటారియోలో కాలేజీ కోర్సు పూర్తిచేసి, ఇప్పుడు వర్క్ పర్మిట్ మీద ఉన్నాను. ఫార్మా కంపెనీల నుంచి పిలుపులు రావడం లేదు. లైసెన్సు ఉన్న గంజాయి కంపెనీల్లో క్వాలిటీ ఉద్యోగాలు కనిపిస్తున్నాయి. ఆ మొక్క గురించి నాకేమీ తెలియదు. రెజ్యూమె ఎలా రాయాలి? ఇంట్లో ఎలా చెప్పాలన్న టెన్షన్ కూడా ఉంది.

జవాబు: మొక్క గురించి తెలియకపోవడం మీ విషయంలో పెద్ద లోటు కాదు. మీరు వెళ్లాలనుకుంటున్నది సాగు విభాగానికి కాదు, క్వాలిటీకి. అక్కడ వాళ్లు వెతుకుతున్నది రికార్డులో తప్పును పట్టగలిగే మనిషి కోసం. ఆ పని మీరు రెండేళ్లు చేసి వచ్చారు. రెజ్యూమెలో ప్రతి వాక్యం ఆ సంగతినే చెప్పాలి.

కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి కానబిస్ (గంజాయి) చట్టం అమల్లో ఉంది. అమ్మకానికి పండించాలన్నా, ప్రాసెస్ చేయాలన్నా హెల్త్ కెనడా (అక్కడి కేంద్ర ఆరోగ్య శాఖ) లైసెన్సు ఉండాల్సిందే. ఆ నిబంధనల్లో ‘గుడ్ ప్రొడక్షన్ ప్రాక్టీసెస్’ అని ఒక భాగం ఉంది. మందుల తయారీలో పాటించే మన జీఎంపీ ప్రమాణాలకు అది దగ్గరి చుట్టం: ఏ పని ఎలా చేయాలో రాసిపెట్టిన ఎస్‌ఓపీలు, శానిటేషన్, ప్రతి లాట్‌కు (ఒక విడత సరుకుకు) రికార్డు, రీకాల్ ఏర్పాట్లు అన్నీ ఉంటాయి. సూక్ష్మజీవులు, భార లోహాలు, పురుగుమందుల అవశేషాలు, టీహెచ్‌సీ (మత్తు కలిగించే పదార్థం) మోతాదు పరీక్షించాక క్వాలిటీ అష్యూరెన్స్ పర్సన్ ఆమోదిస్తేనే సరుకు బయటికి వెళ్తుంది. తినే పదార్థాలైతే ఒక ప్యాకెట్‌లో టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ గుడ్ ప్రొడక్షన్ ప్రాక్టీసెస్ భాగాన్ని దరఖాస్తుకు ముందే ఒకసారి పూర్తిగా చదవండి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చదివాక ‘కెనడా కానబిస్ నిబంధనల్లోని ఉత్పత్తి ప్రమాణాలపై అవగాహన’ అన్న ముక్కను ధైర్యంగా రాసుకోవచ్చు. చదవకుండా మాత్రం రాయకండి, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ఇక అసలు రెజ్యూమె. మనవాళ్ల రెజ్యూమెల్లో తరచూ కనిపించే వాక్యం: ‘క్వాలిటీ విభాగంలో వివిధ బాధ్యతలు నిర్వర్తించాను.’ చదివినవాళ్లకు దీనివల్ల ఏమీ తెలియదు. అదే పనిని ఇలా చెప్పి చూడండి: ‘ప్యాకింగ్ లైన్‌లో బ్యాచ్ మారిన ప్రతిసారీ లైన్ క్లియరెన్స్ ఇచ్చాను. లేబుళ్ల లెక్క సరిపోనప్పుడు లైన్ ఆపించి, డీవియేషన్ నమోదు చేసి, కారణం తేలి కాపా ముగిసేదాకా ఫాలో అయ్యాను.’ (లైన్ క్లియరెన్స్ అంటే పాత బ్యాచ్ సరుకు, లేబుళ్లు మిగల్లేదని చూసి ఇచ్చే అనుమతి; డీవియేషన్ అంటే పద్ధతి తప్పడం; కాపా అంటే ఆ తప్పును సరిదిద్ది, మళ్లీ రాకుండా తీసుకునే చర్య.) గంజాయి కంపెనీ క్వాలిటీ మేనేజర్‌కు ఇది తన రోజువారీ తలనొప్పిలాగే కనిపిస్తుంది. నెలకు ఎన్ని బ్యాచ్ రికార్డులు చూశారు, ఎన్ని ఎస్‌ఓపీలు సవరించారు, ఏ ఆడిట్‌లో పాల్గొన్నారు అన్నవి గుర్తుంటే అంకెలతో రాయండి. గుర్తులేకపోతే అంకె వదిలేయండి, అంచనాగా పెంచి రాయొద్దు. హెచ్‌పీఎల్‌సీ (పదార్థాల మోతాదు కొలిచే ల్యాబు పరికరం) మీద చెయ్యి ఉంటే దానికి ప్రత్యేకంగా ఒక లైను ఇవ్వండి, టీహెచ్‌సీ, సీబీడీ (గంజాయిలోనే ఉండే మరో పదార్థం) మోతాదులు చూసే ల్యాబులు కూడా మీకు తలుపు తీస్తాయి. మెడికల్ సరుకును యూరప్‌కు పంపే కంపెనీలకు ఈయూ జీఎంపీ (యూరోపియన్ యూనియన్ మందుల తయారీ ప్రమాణాల) సర్టిఫికేషన్ కావాలి. అలాంటి చోట మీ ఫార్మా అనుభవానికి విలువ ఇంకా ఎక్కువ, ముందు వాటికే దరఖాస్తు చేయండి.

మన బయోడేటా అలవాట్లు తీసేయండి. ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లి వివరం, పాస్‌పోర్టు నంబరు, చివర్లో ‘పైన తెలిపినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అనే డిక్లరేషన్... ఇవేవీ అక్కడ అవసరం లేదు. మీ అనుభవానికి రెండు పేజీలు చాలా ఎక్కువ, ఒకటిన్నరలో ముగించండి. ‘ఈ మొక్కంటే నాకెంతో ఇష్టం’ లాంటి మాటలు కవర్ లెటర్‌లో కూడా వద్దు. వాడకం గురించి అసలే వద్దు.

ఇంకొకటి, కాన్‌సెల్ (గంజాయి అమ్మేవాళ్ల శిక్షణ) సర్టిఫికెట్ ఒంటారియోలో గంజాయి దుకాణంలో పనిచేసేవాళ్లకు తప్పనిసరి. ఫ్యాక్టరీ క్వాలిటీ ఉద్యోగానికి అది అడగరు. రెజ్యూమె నిండుగా కనిపించాలని దానిమీద డబ్బు పెట్టకండి. పోస్టు పేర్లు కూడా చూసుకోండి: క్వాలిటీ అష్యూరెన్స్ పర్సన్ అంటే చట్టపరంగా బాధ్యత మోసే, హెల్త్ కెనడా సెక్యూరిటీ క్లియరెన్స్ కావాల్సిన పదవి. మీరు మొదలుపెట్టాల్సింది టెక్నీషియన్, అసోసియేట్, డాక్యుమెంటేషన్ పోస్టులతో.

ఇప్పుడు నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. అమెరికాలో ఉన్న మీ స్నేహితులకు ఈ సలహా దయచేసి పంపకండి. అక్కడ చాలా రాష్ట్రాలు అనుమతించినా ఫెడరల్ చట్టం అనుమతించలేదు. రాష్ట్రం ఒప్పుకున్న చోటైనా ఈ రంగంలో పనిచేయడం పౌరసత్వానికి అడ్డు కావచ్చని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా చెప్పింది. ఓపీటీ (చదువు తర్వాత ఇచ్చే పని అనుమతి), హెచ్1బీ వీసా మీద ఉన్న పిల్లలు ఈ ఉద్యోగాల జోలికి పోకపోవడమే మంచిది. మీకూ దీంతో సంబంధం ఉంది. కెనడా గంజాయి కంపెనీల్లో పనిచేసేవాళ్లు వేరే పనిమీద వస్తే సాధారణంగా రానిస్తామని అమెరికా సరిహద్దు శాఖ 2018లో చెప్పింది కెనడా పౌరుల గురించి. మీ చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు. రేపు అమెరికా వీసా, అక్కడి సంబంధం, అక్కడి ఉద్యోగం ఏదైనా మనసులో ఉంటే ఈ అడుగు వేసే ముందు బాగా ఆలోచించండి.

మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం విదేశాల్లోని భారత పౌరులకూ వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది. కాబట్టి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు కెనడా, భారత్ రెండు దేశాల చట్టాలూ తెలిసిన లాయర్‌తో ఒకసారి మాట్లాడండి, ఆ ఫీజు వృథా కాదు. ఇంటికి వచ్చేటప్పుడు కంపెనీ శాంపిల్ ఒక్కటి కూడా సూట్‌కేసులో ఉండకూడదు. సరిహద్దు దాటించడం కెనడా చట్టం ప్రకారం కూడా నేరమే.

ఇంట్లో దాచిపెట్టొద్దు. గంజాయి అనగానే అమ్మానాన్నలకు ఏజెన్సీ ప్రాంతంలో పోలీసులు పట్టుకున్న మూటలు గుర్తొస్తాయి, వాళ్ల భయం సహజం. ఉద్యోగ ప్రకటనను చదివి వినిపించండి, లాయర్ ఏం చెప్పారో కూడా చెప్పండి. తర్వాత ఫార్మాకు తిరిగి రావాలనుకున్నా రెజ్యూమెలో కంపెనీ పేరు ఉన్నది ఉన్నట్టే రాయండి, మార్చి రాస్తే వెరిఫికేషన్‌లో దొరికిపోతారు. ఈ రంగం నిలకడ మీద మాత్రం ఆశ ఎక్కువ పెట్టుకోకండి. స్మిత్స్ ఫాల్స్‌లోని పాత హెర్షీ చాక్లెట్ ఫ్యాక్టరీలో పెద్ద కేంద్రం నడిపిన కెనోపీ గ్రోత్, 2023లో వందలమందిని తీసేసి ఆ భవనాన్ని తిరిగి హెర్షీకే అమ్మేసింది. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలా?’ అన్నప్పుడు, గత ఏడాది క్వాలిటీ విభాగంలో ఎంతమందిని తగ్గించారో అడగండి. ఫార్మా దరఖాస్తులూ ఆపకండి.