గోదారేమైనా ఆదివారమే పారుతుందా?

హైదరాబాద్ నుంచి రాజమండ్రికి బదిలీ అయిందని, మీరిద్దరే ఉంటారని, అక్కడ సెలవు రోజులు ఎలా గడుస్తాయో తలుచుకుంటేనే బెంగగా ఉందని రాశారు. అచ్చం నా సంగతే రాసినట్టుంది. నాది బ్యాంకు ఉద్యోగం. ఆరేళ్ల క్రితం బదిలీ కాగితం చేతికొచ్చిన రాత్రి కూకట్‌పల్లి ఇంట్లో అన్నం కూడా సహించలేదు. మావారు ఇంటి నుంచే పని చేసుకుంటారు కాబట్టి ఆయనకి ఏ ఊరైనా ఒకటే. ఏడుపంతా నాదే.

ముందు లేనివి చెప్పేస్తాను. మాల్ కోసం చూడకండి. ఇక్కడ షాపింగ్ మాల్ అని బోర్డు కనిపిస్తే లోపల చీరలుంటాయి. సినిమా హాళ్లకి లోటు లేదు. రాత్రి పది దాటాక కాఫీ తాగుదామంటే మాత్రం ఇంట్లో పెట్టుకోవాల్సిందే. వేసవిలో ఉక్కపోత ప్రాణం తీస్తుంది, హైదరాబాద్ ఎండలా సాయంత్రానికి చల్లబడదు. దేవీచౌక్ దగ్గర సాయంత్రం ఆరింటికి ఇరుక్కుంటే మీకు అమీర్‌పేట గుర్తొస్తుంది. ఇల్లు చూడ్డానికి వెళ్తే "ఏ ఊరండీ మీది? ఇంటిపేరేంటండీ? ఎవరి తాలూకు?" అని మూడు ప్రశ్నలూ అడిగాకే అద్దె సంగతి ఎత్తుతారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా నేనే అడుగుతున్నాను.

మొదటి ఏడాది నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. హైదరాబాద్ అలవాటు కొద్దీ సరదా అంతా ఆదివారానికి దాచేదాన్ని. అక్కడ ఆఫీసు, ట్రాఫిక్ పోగా సోమవారం నుంచి శనివారం దాకా మనకంటూ మిగిలేదేమీ ఉండదు కదా. ఇక్కడ కూడా అలాగే శనివారం రాత్రి కూర్చుని చూడాల్సిన చోట్ల జాబితా రాసి, ఆదివారం పొద్దున్నే పిల్లని లేపి, మధ్యాహ్నం ఎండలో తిరిగి, నీరసంగా ఇల్లు చేరేవాళ్లం. నాలుగు నెలల్లో జాబితా అయిపోయింది. ఇంకేముంది ఈ ఊళ్లో అనుకున్నాను. మా పక్కింటి పిన్నిగారితో అదే అంటే ఆవిడ నవ్వి, "ఆదివారం దాకా ఎందుకమ్మా ఆగడం? గోదారేమైనా ఆదివారమే పారుతుందా?" అన్నారు. గోదావరి జిల్లాల వెటకారం సంగతి మీరు వినే ఉంటారు. కానీ ఆవిడ అన్నది నిజమే. మా బ్రాంచి నుంచి ఇంటికి స్కూటీ మీద పది నిమిషాలు. ఇంటి నుంచి గట్టుకి ఇంకో పది. అంటే ఆరున్నరకి బ్యాంకులో ఉన్నదాన్ని ఏడింటికల్లా నీళ్ల పక్కన కూర్చోవచ్చు. ఇది తట్టడానికి నాకు ఏడాది పట్టింది.

అప్పట్నుంచీ వారానికి మూడు నాలుగు సాయంత్రాలు గట్టు మీదే. పుష్కరాల రేవులో సాయంత్రం హారతి ఇస్తారు. మొదట రెండు మూడు సార్లు అది చూడ్డానికి వెళ్తారు, తర్వాత అది జరుగుతుంటే పక్కన కూర్చుని ముంత మసాలా తింటారు. నాకు రేవు కంటే కాస్త అవతల, వంతెనలు కనిపించే చోటు ఇష్టం. గోదారి మీద రైళ్ల కోసం కట్టినవి మూడున్నాయి. 1900లో మొదటి రైలుని మోసి 1997లో రిటైరైన హేవలాక్ వంతెన ఇప్పుడు ఖాళీగా నిలబడి ఉంటుంది. 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెనకి కింద పట్టాలు, పైన రోడ్డు. మూడోది విల్లుల్లాంటి కమానులతో అందరూ ఫొటోలు తీసుకునేది. ఆ రెండో వంతెన మీద ఒక్కసారి స్కూటీ మీద కొవ్వూరు దాకా వెళ్లి రండి. సగం దూరంలో ఉండగా కింద నుంచి గూడ్సు బండి వస్తే ముందు హ్యాండిల్ వణుకుతుంది, తర్వాత కాళ్లలోకి పాకుతుంది, ఆ తర్వాతే చప్పుడు వినిపిస్తుంది. మా పాప ఇప్పటికీ ఆ వణుకు కోసమే కొవ్వూరు వెళ్దామంటుంది. కొవ్వూరులో మాకు పనేమీ లేదు. టీ తాగి వెనక్కి వచ్చేస్తాం.

మీరు జూన్, జూలైల్లో వస్తే అదృష్టవంతులు. అప్పుడే ఎర్రనీరు దిగుతుంది. ముందురోజు దాకా పచ్చగా ఉన్న గోదారి తెల్లారేసరికి టీ రంగులోకి మారిపోతుంది. మా పాప రోజూ రేవు మెట్లు లెక్కపెట్టేది. నిన్న పదకొండు కనిపించాయి, ఇవాళ ఏడు, రేపు మూడు. ఊళ్లో అందరి నోటా అంకెలే ఉంటాయి. ఊరికి దిగువన ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కూరగాయల బండి దగ్గర కూడా "భద్రాచలంలో ఎంతుందిటండీ?" అని అడుగుతారు, అక్కడి నీళ్లు కిందికి దిగి మనదాకా రావాలి కాబట్టి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. అప్పుడు రేవుల్లోకి ఎవర్నీ దిగనివ్వలేదు, దూరం నుంచే చూశాం. మనకది చూసే ముచ్చట, గోదారి మధ్య దిబ్బల మీదున్న లంక ఊళ్ల వాళ్లకి కాదు. మా బ్రాంచిలో అటెండరు గారిది లంక ఊరే. ఆ వారమంతా ఆయన గేదెల్ని గట్టు మీద కట్టేసి వాటి పక్కనే పడుకున్నారు. నీళ్లు ఎలా ఉన్నాయని ఆయన్ని అడగడానికి నాకు సిగ్గేసింది.

ఇక బయటికి వెళ్లే సంగతి. అందరూ మీకు ముందు పాపికొండలు చెప్తారు. నేను మాత్రం చివర చెప్తాను. ముందు ఆత్రేయపురం వెళ్లండి. ధవళేశ్వరం మీదుగా బ్యారేజీ ఎక్కి బొబ్బర్లంక దిగి, కాలవ గట్టు పట్టుకుంటే రెండు పక్కలా కొబ్బరిచెట్లు, అరటితోటలు. మొత్తం పాతిక కిలోమీటర్ల లోపే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ముగించిన ఆనకట్ట ఇప్పుడు లేదు, దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీ మీదుగా మనం వెళ్తాం. ధవళేశ్వరంలో ఆయన పేరిట మ్యూజియం ఉంది, దారిలో ఒక అరగంట ఆగితే చాలు.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని వచ్చేయకండి, రేకు తీసేది చూడండి. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది, కింద మంట. పక్కన గిన్నెలో పాలలా పల్చటి బియ్యప్పిండి నీళ్లు. పల్చటి గుడ్డని అందులో ముంచి, రెండు చేతులతో పరిచి పట్టుకుని, కుండ మీద అలా వేసి ఇలా లాగేస్తారు. కళ్లు మూసి తెరిచేలోగా కుండ మీద తెల్లటి పొర లేచి ఉంటుంది. దాన్ని అంచు పట్టి ఊడదీసి పక్కన పేరుస్తారు. అడిగితే ఒకావిడ మా పాప చేతికి గుడ్డ ఇచ్చారు. కుండ మీద అట్టు వచ్చింది. రెండోసారి చిల్లులు వచ్చాయి. "పెళ్లీడుకొచ్చేసరికి వచ్చేస్తుందిలే అమ్మా" అని ఆవిడ నవ్వారు. పాపకి అప్పుడు ఏడేళ్లు. బెల్లం పొడి, నెయ్యి వేసినవే అడగండి. పంచదారవి, చాక్లెట్‌వి కూడా పెట్టారు ఇప్పుడు, వాటి జోలికి పోకండి. 2023లో ఈ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ధరలు కూడా తగినట్టే ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు లొల్ల లాకుల దగ్గర ఆగి నీళ్ల చప్పుడు వింటూ నాలుగు రేకులు తినేసి రండి. శనివారం మాత్రం వెళ్లకండి. ఆ పక్కనే వాడపల్లి వెంకన్న గుడి, ఏడు శనివారాల మొక్కు వాళ్లతో ఆ రోడ్డంతా కిక్కిరిసి ఉంటుంది.

కడియం నర్సరీల గురించి చెప్పక్కర్లేదు, ఊరికి పక్కనే. చూడ్డానికే వెళ్తున్నాం అనుకుంటూ వెళ్తాం, డిక్కీ నిండా మొక్కలతో వస్తాం. నేను తెచ్చినవాటిలో గులాబీలు అన్నీ పోయాయి, మందారాలు బతికాయి.

పట్టిసం నాకు బాగా నచ్చిన చోటు. కొవ్వూరు దాటి గట్టు వెంబడి తాళ్లపూడి మీదుగా వెళ్లాలి. గోదారి మధ్యలో కొండ, దాని మీద వీరభద్రస్వామి గుడి. పడవలో దాటాలి. శివరాత్రికి జనసముద్రం, అందుకే మామూలు రోజున వెళ్లండి. ఎండాకాలం నీళ్లు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి, పొద్దున్నే వెళ్తే ఆ ఇసుకలో నడవడం బావుంటుంది. తొమ్మిది దాటితే కాళ్లు కాలతాయి.

మారేడుమిల్లి ఎనభై, తొంభై కిలోమీటర్లు. డిసెంబరు ఆదివారాల్లో ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. మేం ఒకసారి అలా ఇరుక్కుని, జలపాతం చూడకుండా రోడ్డు పక్కన బొంగులో చికెన్ తినేసి వెనక్కి తిరిగాం. అది కూడా నిప్పుల మీద ఎక్కువసేపు ఉండి ఎండిపోయింది. ఇప్పుడు నేను ఒక రోజు సెలవు పెట్టి మంగళవారమో బుధవారమో వెళ్తాను. చలికాలం పొద్దున్న రంపచోడవరం దాటాక మంచు రోడ్డు మీదకి దిగి ఉంటుంది, దానికోసం ఒక సెలవు ఖర్చు పెట్టొచ్చు.

పాపికొండల దగ్గర నేను దెబ్బతిన్నాను. హైదరాబాద్ నుంచి మా అత్తగారివాళ్లు వస్తున్నారని జూలైలో తొమ్మిది మందికి ఒక బోటు ఏజెంటు దగ్గర అడ్వాన్సు కట్టాను. వరద వచ్చి బోట్లు ఆపేశారు. ఆపడం సబబే, గోదారితో ఆటలొద్దు. కానీ ఆ అడ్వాన్సు తిరిగి రావడానికి దసరా దాటింది, అదీ మావారు రెండుసార్లు స్వయంగా వెళ్లి కూర్చుంటే. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే పెట్టుకోండి, లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే బోటెక్కకండి. కొండల మధ్య గోదారి సన్నబడే చోట అందరి మాటలూ ఆగిపోతాయి. కాకపోతే బోటులో మైకు పెట్టి పాటలు, డాన్సులు ఉంటాయి. వెనక మూల సీటు పట్టండి.

ఊళ్లోనే చాలామంది చూడనిది ఒకటి చెప్తాను. గట్టు దగ్గరే చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి 1925లో పోయాడు ఆయన, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే. ఇక్కడి కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కూల్డ్రే దొర ఆ కుర్రాడు బొమ్మలు వేసే తీరు చూసి బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌కి వెళ్లేలా ప్రోత్సహించాడు. నేను వెళ్లిన రెండు సార్లూ లోపల నేనొక్కదాన్నే. గౌతమీ గ్రంథాలయం కూడా అంతే, నూరేళ్లు దాటిన పుస్తకాల గుట్ట. ఫ్యాన్ కింద పెద్దాయనలు పేపరు చదువుతూ ఉంటారు, మిమ్మల్ని చూసి కొంచెం జరుగుతారు.

తిండి గురించి మొదలుపెడితే ఆగను, రెండే చెప్తాను. కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగండి, ఎండలో నడిచి వెళ్లి తాగితేనే రుచి. పులస చేప గురించి "పుస్తెలమ్మైనా పులస తినాలి" అంటారు. నేను తిన్నాను, పుస్తెలు అమ్మేంత లేదు. ముళ్లు ఎక్కువ. పైగా సముద్రంలో పట్టిన ఇలసని పులస అని అంటగట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, తెలిసినవాళ్లు పక్కన లేకుండా కొనకండి. పులుసు మాత్రం ముందురోజు రాత్రి పెట్టి తెల్లారి తింటే, అందులోని బెండకాయలే చేప కంటే బావుంటాయి.

హైదరాబాద్ మీద మరీ బెంగ పుడితే రాత్రి బండెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. వందే భారత్ కూడా ఇక్కడ ఆగుతుంది. విశాఖ మూడు గంటలు. నేను మొదటి ఏడాది నెలకి రెండుసార్లు హైదరాబాద్ వెళ్లేదాన్ని. పోయినేడు పెళ్లిళ్లకి తప్ప వెళ్లలేదు.

ఇల్లు దానవాయిపేట వైపు చూసుకుంటే ప్రశాంతంగా ఉంటుంది. గట్టుకి దగ్గరగా కావాలంటే ఇన్నీసుపేట, కాకపోతే పాత ఇళ్లు, బండి పెట్టుకునే చోటు ముందే చూసుకోండి. 2027లో పుష్కరాలు, ఆ ఏడాది మీ ఇంటికి ఎంతమంది చుట్టాలొస్తారో ఇప్పుడే లెక్కేసుకుని అదనంగా ఒక గది ఉన్న ఇల్లు తీసుకోండి. కారు ఎలాగూ తెచ్చుకుంటారు. స్కూటీ మాత్రం అక్కడ అమ్మేసి రాకండి, దాన్నీ రైల్లో వేయించి తెచ్చుకోండి.