ఏడో సంపుటం దగ్గర ఆగు

చిన్నీ,

జపాన్ దర్శకుడు మియాజాకి కథానాయిక నౌసికా మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘ప్రకృతి ప్రేమికురాలు, మనందరికీ ఆదర్శం’ అని మొదలుపెట్టావు. ఏడు సంపుటాలూ రాత్రిళ్లు మేలుకుని చదివినదానివి, ఈ మాట నీది కాదమ్మా. పుస్తకం తెరవనివాళ్లు కూడా రాసేస్తారు. కొట్టెయ్.

సినిమానీ, మాంగానీ (మియాజాకి గీసిన ఆ బొమ్మల కథనీ) కలిపేశావు. సినిమా 1984లో వచ్చింది. అప్పటికి మాంగా మొదలై రెండేళ్లే. మియాజాకి మధ్యమధ్యలో ఆపుతూ, మళ్లీ అందుకుంటూ 1994 దాకా గీశాడు. సినిమా చివర ఉన్న ఊరట మాంగా చివర లేదు. ఏ నౌసికా గురించి రాస్తున్నావో ముందు తేల్చుకో.

తర్వాత కోట కింద ఉన్న ఆ రహస్యపు గది దగ్గరికి వెళ్లు. ఊరంతా భయపడే విషపు అడవి మొక్కల్ని ఆ పిల్ల అక్కడ సిద్ధబీజాల నుంచి పెంచుతుంది. లోతైన బావి నీళ్లు, శుభ్రమైన మట్టి ఇస్తే వాటికి విషమే లేదు. విషమంతా మట్టిలో ఉంది, ఆ మట్టిని పాడుచేసింది మనుషులు. అది తన గురువు యూపాకి చూపించి, నీళ్లు ఆపేశాను, ఇక ఇవి వాడిపోతాయి అంటుంది. ముప్పై ఏళ్లు బోటనీ పాఠం చెప్పినదాన్ని, ఆ పేజీలో నాకు గొంతు పట్టేసింది. నాటి, నీళ్లు పోసి, ఓపిగ్గా చూసి తెలుసుకుంది. ఆదర్శం అన్నావే, అదెలా ఉంటుందో ఆ గదిలో చూపించు.

ఏడో సంపుటాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. భయమేసి ఉంటుంది. నాకూ వేసింది. విషాన్ని కడగడానికి అడవిని పూర్వులే తయారుచేశారనీ, ఆ విషంలో బతికేలా మనుషుల్నీ మార్చేశారనీ, లోకం పూర్తిగా శుభ్రపడితే వీళ్లు ఆ గాలిలో బతకలేరనీ తెలుస్తుంది. ఆ శుభ్రమైన లోకం కోసం దాచిన రేపటి కొత్త మనుషుల గుడ్లు షువా నగరంలోని సమాధిలో ఉన్నాయి. నౌసికా ఆ సమాధిని కూల్పించి, నిజాన్ని జనానికి చెప్పకుండా దాచేస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. పుట్టని బిడ్డల్ని చంపే హక్కు నీకెవరిచ్చారే అని పుస్తకం మూసేశాను. ఇప్పటికీ ఆమెతో పూర్తిగా రాజీ పడలేదు. నీకేమనిపించిందో రాయి. తేల్చుకోలేకపోతే, తేలలేదనే రాయి.

జపాన్‌లోని మినమాతా ప్రస్తావన ఉంచు. పాదరసం కలిసిన ఆ అఖాతంలో వేట ఆగిపోయాక చేపలు మళ్లీ గుంపులుగా పెరిగాయని విని మియాజాకి కదిలిపోయాడు. అది గది సన్నివేశం పక్కన పెడితే సరిగ్గా అతుకుతుంది. మూసీ మీద చివర రాసిన పేరా మంచిదే, కానీ వేరే వ్యాసానికి దాచుకో. ఇక్కడ టెన్షన్‌లో అతికించినట్టుంది.

ఏడో సంపుటం నా బీరువాలోనే ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

నీ పెద్దమ్మ