టెక్ సందేహాలు: షోరూముకు వెళ్లే ముందే ధర మీ ఫోనుకు రావాలి

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. మొదటిసారి కారు కొంటున్నాం. రెండు షోరూములకు వెళితే ఒక్కోచోట రెండేసి గంటలు కూర్చోబెట్టి, 'ఈ రోజు బుక్ చేస్తేనే ఈ ధర' అన్నారు. నాకు బేరమాడటం చేతకాదు. ఆ బాధ లేకుండా కొనడానికి మంచి యాప్ ఏదైనా ఉందా?

జవాబు: మీకు కొత్త యాప్ అక్కర్లేదు. కార్ల యాప్‌లు చూపించే ఆన్‌రోడ్ ధర (పన్నులు, బీమా అన్నీ కలిపి చివరికి కట్టేది) అంచనా మాత్రమే. చివరికి మీ నంబరు చేరేది అదే డీలరు దగ్గరికి. పైగా పాత పేజీలు, వీడియోలు చూసి లెక్క వేసుకోకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అంతకుముందు ధరలు ఇప్పుడు పనికిరావు.

మీకు కావలసింది వాట్సాప్, ఒక గూగుల్ షీట్. టెస్ట్ డ్రైవ్‌కు తప్పకుండా వెళ్లండి, కానీ ఆ రోజు ధర మాట ఎత్తకండి. మోడల్, వేరియంట్, రంగు ఇంట్లోనే ఖాయం చేసుకుని వరంగల్, కరీంనగర్, హైదరాబాద్‌లలో అదే కంపెనీ షోరూములు నాలుగింటికి ఒకే సందేశం పంపండి: 'ఈ నెలలో కొంటాను. ఎక్స్‌షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, బీమా, ఫాస్టాగ్, యాక్సెసరీలు, డిస్కౌంట్ విడివిడిగా రాసి కొటేషన్ పంపండి. కారు తయారైన నెల, సంవత్సరం కూడా రాయండి.' 'ఒకసారి షోరూముకు రండి మేడమ్' అని మాత్రమే జవాబిచ్చిన వారిని పక్కన పెట్టేయండి.

వచ్చిన కొటేషన్లను షీట్‌లో పక్కపక్కన వేస్తే విషయం మీకే కనిపిస్తుంది. లైఫ్ ట్యాక్స్ ప్రభుత్వానిది, దాన్ని డీలరు తగ్గించలేడు. తేడాలన్నీ బీమా, యాక్సెసరీలు, డిస్కౌంట్ వరుసల్లోనే ఉంటాయి. మా చెల్లెలికి వచ్చిన కొటేషన్‌లో పైన 15,000 తగ్గింపు ఘనంగా రాసి, కింద 'కిట్' పేరుతో 14,000 వేశారు. అందులో ఏముందని అడిగితే కాళ్ల కింద మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీటు కవర్లు, ఒక సెంటు సీసా! వద్దని ఒక్క సందేశం పెడితే ఆ వరుస పోయింది. హ్యాండ్లింగ్ చార్జీలని రాస్తే దేనికని అడిగి తీయించండి.

బీమా దగ్గర ఇంకొంచెం ఓపిక పట్టండి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి ఎక్కడైనా ఒకటే. సొంత కారు నష్టానికి తీసుకునే బీమా ధర మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. అదే ఐడీవీ (కారుకు బీమా కంపెనీ లెక్కగట్టే విలువ), అదే జీరో డిప్రిసియేషన్‌తో (విడిభాగాల పాతదనానికి కోత పెట్టని బీమా) ఆన్‌లైన్‌లో ధర చూసి, ఆ స్క్రీన్‌షాట్ డీలరుకు పంపండి. నోరు విప్పి బేరమాడాల్సిన అవసరం ఉండదు.

కారు ధర 10 లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగానే తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. ఆ డబ్బు ఎక్కడికీ పోదు. మీ పాన్ నంబరు సరిగ్గా ఇస్తే మీ ఆదాయపు పన్ను ఖాతాలో కనిపిస్తుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. బుకింగ్‌కు ఇచ్చింది పోను మిగతా డబ్బు కట్టేముందు పగటి వెలుతురులో కారు చూసి, 17 అక్షరాల చాసిస్ నంబరును ఫొటో తీసి బిల్లులో ఉన్న దానితో పోల్చండి.

ప్రశ్న: మంచిర్యాల నుంచి రాస్తున్నాను. షోరూములోనే '9 శాతం ఫ్లాట్' వడ్డీకి అప్పు ఇప్పిస్తామంటున్నారు. మా బ్యాంకు కూడా 9 శాతమే అంటోంది. రెండూ ఒకటేనా?

జవాబు: కాదు, దయచేసి సంతకం చేయకండి. 6 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే ఫ్లాట్ పద్ధతిలో వడ్డీ 2,70,000, నెల వాయిదా 14,500. మీరు ఎంత అసలు తీర్చినా వడ్డీ మొదటి రోజు తీసుకున్న 6 లక్షల మీదే పడుతూ ఉంటుంది. తగ్గే బాకీ మీద అదే 9 శాతమైతే నెల వాయిదా సుమారు 12,455, మొత్తం వడ్డీ సుమారు 1,47,000. అంటే లక్షా ఇరవై వేలకు పైగా తేడా. పది వేల డిస్కౌంటు కోసం సాయంత్రం దాకా కూర్చున్న మనిషి ఇంత డబ్బును ఒక్క సంతకంతో వదులుకోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ రుణాలకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (రుణం ముఖ్య వివరాల పత్రం) ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అది అడిగి తీసుకుని, అందులో ఏపీఆర్ (రుసుములు కూడా కలిపిన అసలు వార్షిక వడ్డీ రేటు) అని ఉన్న అంకెనే బ్యాంకు ఇచ్చే ఏపీఆర్‌తో పోల్చండి.

ప్రశ్న: ధర తెలుసుకుందామని ఒక సైట్‌లో నంబరు ఇచ్చాను. జగిత్యాలలో పొలంలో ఉన్నా ఫోన్లు ఆగడం లేదు.

జవాబు: 1909కు ఫోన్ చేసి డీఎన్‌డీలో (ప్రచార ఫోన్లు వద్దనేవారి జాబితా) నమోదు చేసుకోండి, లేదా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ డీఎన్‌డీ యాప్ వాడండి. అయితే మీరే అనుమతి ఇచ్చిన సైట్ వాళ్లను అది పూర్తిగా ఆపకపోవచ్చు. ఆ సైట్‌లో ఖాతా తెరిచి ఉంటే అందులో అనుమతి రద్దు చేయండి. ఈసారి కొటేషన్ల కోసం ఇంట్లో వాడకుండా ఉన్న రెండో సిమ్ నంబరు ఇవ్వండి, కారు ఇంటికి వచ్చాక ఆ సిమ్ తీసి పక్కన పెట్టేయవచ్చు.